చిల్లు లేని పాలకూర

చంద్రబండ దారిలో బస్సు దిగి పొలం గట్టు పట్టేసరికి సౌభాగ్యలక్ష్మి చెప్పులు బరువెక్కాయి. రాత్రి వానకు నల్లరేగడి నాని ఉంది. నాలుగడుగులు వేయడం, ఆగి కంచె రాతికి చెప్పు రాసి మట్టి వదిలించుకోవడం, మళ్ళీ నాలుగడుగులు. గోరుచిక్కుడు సాళ్ళ మధ్య నుంచి ఎవరో పెద్దగా నవ్వారు.

“చెప్పులు చేత్ల పట్టుకొని రా సావుకారమ్మా! మా మట్టికి కొత్తోళ్ళంటే శాన ఇష్టం. జల్ది ఇడ్వదు.”

నవ్విన మనిషి ముప్పై దాటిన ఆడది, నడుముకు కొంగు బిగించి, చంకలో గంప పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె పేరు మారెవ్వ అని తర్వాత తెలిసింది. సౌభాగ్యలక్ష్మి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. చల్లటి బురద వేళ్ళ మధ్య నుంచి పైకి వచ్చింది. చిన్నప్పుడు ఎప్పుడో తప్ప ఆమె పాదాలు బురదను ఎరగవు. అది అసహ్యమో ఇష్టమో తేల్చుకోకుండానే రేకుల షెడ్డు దాకా నడిచింది.

నిఖిలేశ్ బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెంచిన కుర్రవాడు, రాయచూరు వాడే. బెంగుళూరు ఉద్యోగం వదిలి వచ్చి ఈ తోట వేశాడని కూతురు మేఘ ఫోన్లో చదివి చెప్పింది. ఊళ్ళో కొన్ని కుటుంబాలు ఏడాది చందా కట్టి తోటకు సభ్యులయ్యాయి. శనివారం శనివారం వాళ్ళ ఇళ్ళకు కూరగాయల సంచి వెళ్తుంది. ఆదివారం ఓపిక ఉన్నవాళ్ళు పిల్లల్ని తీసుకుని తోటకు వస్తారు.

“పొలం పని ఎప్పుడన్న చేసిండ్రా అమ్మా?”

“లేదు బాబు.” ఇంకేదైనా చేర్చకపోతే వెనక్కి పంపిస్తాడేమో అనిపించింది. “ఏరుడు, చెరుగుడు, కట్టుడు అన్ని వచ్చు. మా దుకాణంల సామానంత నా చేతి మీదనే పోతుండె.”

అది పూర్తిగా అబద్ధం కాదు. దుకాణం వెనక గదిలో, చాట ముందు పెట్టుకుని, ఆమె ఏళ్ళ తరబడి ఏరింది. మిర్చిలో తెల్లమచ్చ పడినవి, చింతపండులో గింజలు, కందిపప్పులో రాళ్ళు. ఏరినవి ముందు గదికి వెళ్ళేవి. ఇప్పుడు ఆ దుకాణానికి తాళం పడింది. చీరల అంగడిలో అడిగితే ఇరవై ఏళ్ళ పిల్లలు కావాలన్నారు. కొత్తగా వచ్చిన పెద్ద అంగడిలో కంప్యూటర్ వచ్చా అన్నారు. ఇక్కడ మాత్రమే ఎవరూ వయసు అడగలేదు.

“ఈ ఆదివారం దాక చూద్దం,” అన్నాడు నిఖిలేశ్. “సభ్యులు గూడ మిమ్మల్ని చూస్తరు. మీకు గూడ పని నచ్చాలె గదా. తర్వాత చెప్త. రెండు మాటలు యాది పెట్టుకోండి. పురుగుమందు చుక్క గూడ లోపలికి రావద్దు. ఆకొక్కటి గూడ ఊకె బయటికి పోవద్దు. పనికిరాంది ఏదున్న ఆ ఎరువు గుంతలనే వెయ్యాలె. మట్టిది మట్టికే పోవాలె.”

ఆ మాటలు అంటున్నప్పుడు అతని ముఖంలో పూజలో కూర్చున్న మనిషి శ్రద్ధ కనిపించింది. ఆమె తల ఊపింది.

కలుపు తీయడానికి మారెవ్వ ఆమెకో చిన్న కొడవలి తెచ్చింది. చేతికి ఇవ్వలేదు. గట్టు మీద పెట్టి చేయి వెనక్కి తీసుకుంది. సౌభాగ్యలక్ష్మి వంగి తీసుకుంది. ఇద్దరిలో ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. మధ్యాహ్నం బిందె దగ్గరా అంతే. మారెవ్వ, అక్కడే పనిచేసే ముసలి హుచ్చమ్మ ఒకే చెంబుతో ఎత్తి తాగారు. సౌభాగ్యలక్ష్మి ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా మూత విప్పింది.

“ఏంది గిట్ల పీకుతవ్? తల మీద తెల్లెంటిక తీస్తున్నవా?” అని మారెవ్వ పక్క సాలు నుంచి ఎగతాళి చేసింది. “ఏరు దొర్కవట్టి గుంజు. ఆఁ. గట్ల.”

సాయంత్రానికి ‘సావుకారమ్మా’ పోయి ‘అక్కా’ వచ్చింది. ఎప్పుడు మారిందో సౌభాగ్యలక్ష్మి గమనించలేదు గానీ, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ పిలుపు మళ్ళీ చెవిలో వినిపించింది. అరచేతుల్లో లేచిన బొబ్బల్ని ఒకదాని పక్కన ఒకటి ఆనించుకుని చూసుకుంది. ఆమెకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకోదగినదేనా అన్నదే తెలియలేదు.

ఇంట్లో భర్త గురురాజ్ పేపరు దించకుండానే అడిగాడు. “ఏం పని జేపిచ్చిండ్రు?”

“కలుపు.”

“కలుపని బయట అనకు. పక్కింటోళ్ళకు సూపర్‌వైజర్ అని చెప్పిన.”

“నిన్న మేనేజర్ అంటివి గద నాన్నా,” అంది మేఘ వంటింట్లోంచి. “ఒక్క రోజుకే అమ్మను కిందికి దింపినవా?”

గురురాజ్ పేపరు మడిచి లేచాడు. గోడకు తగిలించిన దుకాణం తాళంచెవుల గుత్తిని ఒకసారి సర్ది, వేరే గదిలోకి వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం నిఖిలేశ్ మాన్వి వెళ్ళాడు. అక్కడెవరో నాటు వంకాయ విత్తనం ఇస్తామన్నారట. వెళ్తూ, “కోసి సంచులు కట్టి పెట్టుండ్రి. తెల్లారి నేను బండి మీద ఏసుకపోత,” అన్నాడు. హుచ్చమ్మ బెండకాయల్లోకి పోయింది. మారెవ్వ పాలకూర మడిలో కూర్చుని కోతకు దిగింది. షెడ్డులో తడి గోనె పరుచుకుని సౌభాగ్యలక్ష్మి కట్టలు కట్టడానికి కూర్చుంది.

మొదటి మోపు రాగానే ఆమె ఒక ఆకు తీసి వెలుతురుకు పట్టింది. ఆకు నిండా సన్నటి చిల్లులు. వాటిలోంచి బయటి కాంతి చుక్కలు చుక్కలుగా కనిపించింది. ఇంకొకటి తీసింది. అంచు కొరికేసి ఉంది. మూడోది బాగుంది. ఆ తర్వాత ఆమె ఏమీ ఆలోచించలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మంచిది కుడి పక్కకు, చిల్లుది ఎడమ పక్కకు. వెనక గదిలో గడిచిన ఏళ్ళన్నీ వేళ్ళలోకి వచ్చి కూర్చున్నాయి. నిన్న కొడవలి పట్టుకుంటే బొబ్బలెక్కిన చేతులు ఇవేనా అనిపించింది. ఇక్కడ తనకు వచ్చిన పని ఒకటి ఉందన్నమాట. ఎవరూ చెప్పకుండానే తాను చేయగలిగింది.

మారెవ్వ రెండో మోపు తెచ్చి గోనె అంచున దించి, ఎడమ పక్క కుప్ప చూసి ఆగింది.

“అక్కా! గింత తీసేస్తివేంది?”

“పురుగు కొట్టిన ఆకు. ఎవరికిస్తం?”

“మనమెప్పుడు ఏరలే. కోసింది కోసినట్టె కడ్తం. సారేమనడు.”

“సారనకపోతే? తినేటోళ్ళు అనుకోరా? ఒకరింటికి పోయే సామాను మారెవ్వా. విప్పంగనే కంటికి మంచిగ కనబడాలె.”

ఆ మాటలో ఆమె అత్త గొంతు వినిపించింది ఆమెకే. అరటినారతో బిగించి కట్టిన కట్టల్ని వరసగా పేర్చింది. ఒక్క మచ్చ లేదు. మారెవ్వ నడుము మీద చేయి పెట్టుకుని కాసేపు చూసింది.

“పెండ్లిపిల్ల లెక్క ఉన్నయి,” అంది ఒప్పుకుంటున్నట్టు. తర్వాత ఎడమ పక్క కుప్పను చేతుల్లోకి ఎత్తుకోబోయింది. “ఇది గుంతల ఏసొస్త.”

“మీ ఇంట్ల మేకలున్నయంటివి గదా. మూట కట్టుకొని పో.”

“వద్దక్కా, సారు...”

“సారు చూస్తున్నడా? ఇంత పచ్చి ఆకు కుళ్ళబెట్టుడెందుకు? నేను ఇస్తున్న, తీస్కో.”

‘నేను ఇస్తున్న’ అన్నప్పుడు ఆమె ఛాతీలో ఏదో వెచ్చగా కదిలింది. దుకాణం నడిచిన రోజుల్లో హమాలీలకు, ముగ్గుపిండి అమ్మే ముసలిదానికి, ఎవరో ఒకరికి దోసెడు ఏదో ఒకటి ఇవ్వని రోజు లేదు. తాళం పడ్డాక ఆ చేయి ముడుచుకుపోయింది. తనది కాని ఆకును ఇస్తున్నానని అప్పుడామెకు తట్టలేదు. మారెవ్వ కొంచెం తటపటాయించి, తలకు చుట్టుకున్న పాత గుడ్డ విప్పి, ఆకును అందులో నొక్కి మూట కట్టింది.

“మా మేకలు గీ పొద్దు సావుకార్ల తిండి తింటయి,” అని నవ్వింది.

*

ఆదివారం పొద్దున సభ్యులు వచ్చారు. పిల్లలు బురదలోకి దిగి కేకలు పెట్టారు. సౌభాగ్యలక్ష్మి కాస్త మంచి చీర కట్టుకుని వచ్చింది. ఈ రోజే చెప్తానన్నాడు గదా. ఎవరు పలకరించినా నవ్వి, గోరుచిక్కుడు ఎలా తుంచాలో పిల్లలకు చూపించింది. నిన్నగాక మొన్న మారెవ్వ తనకు చూపించినట్టే.

మధ్యాహ్నం కాకముందే మారెవ్వ భర్త యంకప్ప సద్ది తెచ్చాడు. పత్తి చేలల్లో మందు కొట్టే కూలి అతనిది. వీపు మీది పంపు గేటు బయట రాతికి ఆనించి, గిన్నె మారెవ్వకు అందించి, అక్కడే నిలబడి పిల్లల ఆట చూస్తున్నాడు. అతని చొక్కా నుంచి పత్తి మందు వాసన గాలికి లోపలికి వచ్చింది.

అప్పుడే లహరి అనే సభ్యురాలు నిన్న ఇంటికొచ్చిన సంచిని తెచ్చి విప్పింది. ఆమె చిన్న కూతురు మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకుని తల్లి కొంగు పట్టుకుని ఉంది.

“నిఖిలేశ్ గారూ, ఇది మన తోట ఆకేనా?”

“అవునండి. ఏమైంది?”

“ఒక్క చిల్లు లేదు.” ఆమె పాలకూర కట్టను పైకెత్తింది. కోసి రెండు రోజులై కొంచెం వాడినా ఇంకా నిగనిగలాడుతోంది. “ఇన్ని నెలలు జల్లెడ లెక్క వచ్చేది. చిల్లులు చూసే నేను నమ్మేదాన్ని. ఈ వారం విప్పితే బజారు ఆకు లెక్కనే ఉంది.”

“మాది గూడ అంతే,” అన్నారు ఇంకొకరు.

లహరి గేటు వైపు చూసింది. అందరూ చూశారు. “ఎవర్నో అంటున్నానని కాదు. మా పాపకు ఒళ్ళంత దద్దుర్లు వస్తయనే గదా ఇక్కడి నుంచి తెప్పించుకుంటున్నది. మందు పంపు ఇక్కడిదాక ఎందుకొచ్చింది?”

యంకప్ప పంపును వెనక్కి జరిపాడు. “అమ్మా, అది పత్తికి కొట్టే కూలి పంపు. ఈ గేటు లోపలికి ఎన్నడు తేలె.”

నిఖిలేశ్ ముఖం పాలిపోయింది. అతను పాలకూర మడి దగ్గరికి నడిచాడు. మడిలో మొదళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. వెనకనున్న ఒక పెద్దమనిషి, “ఏరి కట్టిండ్రేమో,” అన్నాడు. ఆ మాటకు నిఖిలేశ్ కళ్ళలోకి ప్రాణం వచ్చింది. ఎరువు గుంతకు పరుగులాంటి నడకతో వెళ్ళి కర్రతో కెలికాడు. చిక్కుడు తీగలు, బంతి మొక్కలు, పేడ. పాలకూర ఆకు ఒక్కటి లేదు. కర్ర అక్కడే వదిలి తిరిగి వచ్చాడు.

“ఏమన్న ఏరిండ్రా మీరు?”

ఎవర్నీ చూడకుండా అడిగాడు. జవాబు మీద ఆశ పోయాక అడిగిన ప్రశ్న అది.

‘నేనే ఏరిన బాబు.’ ఆ మాట సౌభాగ్యలక్ష్మి నోట్లో పూర్తిగా తయారైంది. నాలుక మీద దాని బరువు కూడా తెలిసింది. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న నిలబడి ఉంది. ఏరిన ఆకు ఏది? బయటికి ఎట్లా పోయింది? ఎవరు పొమ్మన్నారు? మూడు రోజుల క్రితం వచ్చిన మనిషి, యజమాని లేనప్పుడు, ఆయన పెట్టిన రెండు మాటల్లో ఒకదాన్ని తుడిచేసింది. అది ఇంతమంది ముందు చెప్పాలి.

పక్కన బకెట్ పట్టుకుని మారెవ్వ ఉంది. ఒక్కసారి సౌభాగ్యలక్ష్మి వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. తక్కెడ ముల్లు నిలిచేదాకా ఆగే మనిషి చూపు.

సౌభాగ్యలక్ష్మి కుచ్చిళ్ళకు అంటిన మట్టి చూసుకుని, వంగి దులుపుకుంది. ఆ చిన్న పని ముగిసి తలెత్తేసరికి జవాబు చెప్పవలసిన క్షణం దాటిపోయింది. అంత తేలిగ్గా దాటిపోతుందని ఆమె అనుకోలేదు.

“నేను కొట్టలే సారు,” అంది మారెవ్వ.

“నువ్వు కొట్టినవని నేననలే మారెవ్వా. కాని జర కొన్ని రోజులు రాకు.”

ఆమె బకెట్లో నీళ్ళు వంకాయ మొదట్లో పోసి, బకెట్ బోర్లించి, కొడవలిని షెడ్డులో దాని మేకుకు తగిలించింది. డ్రమ్ము దగ్గర కాళ్ళు కడుక్కుంది. మడమల పగుళ్ళలో మట్టి కూడా వేలితో తీసి కడుక్కుంది, ఇక ఈ మట్టిలోకి దిగని మనిషిలాగా. తర్వాత భర్త వెనక గట్టెక్కి వెళ్ళిపోయింది. యంకప్ప సగం దూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ నడిచాడు.

సభ్యులు వెళ్ళిపోయాక నిఖిలేశ్ సౌభాగ్యలక్ష్మి దగ్గరికి వచ్చాడు. అలిసిపోయి ఉన్నాడు. “రేపటి నుంచి రోజు రండి అమ్మా. మీకు పిల్లలతోని మాట్లాడుడు మంచిగొచ్చు.”

“సరే బాబు,” అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది.

*

గురురాజ్ జిలేబీ తెచ్చాడు. చాలా నెలల తర్వాత అతను బజారుకు వెళ్ళి ఏదైనా కొని తెచ్చింది అదే. “చేతి గుణం ఎక్కడికి పోతది? మా అమ్మ తయారు చేసిన చేయి,” అన్నాడు పక్కింటికి వినిపించేలా. మేఘ తల్లి నోట్లో ఒక ముక్క పెట్టింది. సౌభాగ్యలక్ష్మి నమిలింది. తీపి తెలిసింది.

సోమవారం నుంచి ఆ ఆదివారాన్ని లోపల మళ్ళీ మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. నేను అబద్ధం చెప్పలేదు. నన్ను పేరు పెట్టి ఎవరూ అడగలేదు. అతను పొమ్మన్నది నా మాట మీద కాదు, ఆ పంపును చూసి. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూస్తే ప్రతిదీ నిజంగానే ఉంది. అన్నీ కుడి పక్కకే పోయాయి. అయినా రాత్రి కళ్ళు మూసుకుంటే, ఎడమ పక్క కుప్ప ఉన్నట్టే ఉంది.

బుధవారానికి మారెవ్వ మీద కోపం వచ్చింది. నోరున్న మనిషి గదా. పొద్దంతా ఎగతాళి చేసే మనిషి. ‘ఈమె ఏరింది, ఈమె ఇచ్చింది’ అని ఒక్క మాట అంటే ఏమయ్యేది? తాను కాదనేది కాదు. తప్పకుండా ఒప్పుకునేది. అవకాశం ఇవ్వకుండా వెళ్ళిపోయింది. ఆ కోపంతో కలుపు పీకితే కలుపుతో పాటు మెంతి మొలకలు కూడా ఊడి వచ్చాయి.

“మెల్లగ తల్లీ,” అంది హుచ్చమ్మ. “మెంతి నీకేం జేసె? మారెవ్వ ఉంటె ఈపాటికి రెండు సాళ్ళు అయిపోతుండె. నడుము నాది ఇరుగుతున్నది.”

“ఆమె యాడుంది ఇప్పుడు?”

“యాడుంటది, పత్తిలకు పోతున్నది.”

షెడ్డులో మేకుకు మారెవ్వ కొడవలి అలాగే ఉంది. సౌభాగ్యలక్ష్మి రోజూ దాని పక్కన ఉన్న మొండి కొడవలి తీసుకునేది. ఒకరోజు హుచ్చమ్మ ఆ మంచిది తీసి ఆమె చేతికి ఇవ్వబోతే, “వద్దు, నాకిది అలవాటైంది,” అంది. అలవాటు కావడానికి వారం కూడా కాలేదు.

*

శుక్రవారం నిఖిలేశ్ ఎక్కడికీ వెళ్ళలేదు. తడి గోనె పక్కన తానే కూర్చుని కట్ట ఎలా కట్టాలో చూపించాడు.

“చిల్లులున్న ఆకు పైకి కనబడాలె అమ్మా. మంచిది లోపలికి పొయ్యినా పర్వాలేదు.” నవ్వాడు. “మన సర్టిఫికెట్ అదే.”

ఆమె ఒక కట్ట కట్టింది. ఇంకోటి కట్టింది. చేతులు తడబడ్డాయి. మంచి ఆకు దొరికినప్పుడల్లా అలవాటుగా పైకి తెచ్చి, మళ్ళీ తీసి అడుగున పెట్టాలి. చిల్లుది తీసి అందరికీ కనబడేలా పరచాలి. మూడో కట్ట మీద నార బిగిస్తుండగా వేళ్ళు ఆగిపోయాయి.

ఈ మాట చెప్పాలని పొద్దున ఇంట్లో బయలుదేరేటప్పుడే ఆమెకు తెలుసు. అందుకే సద్దిగిన్నెతో పాటు ఇక్కడ పెట్టుకున్న పాత తువ్వాలు కూడా సాయంత్రం తీసుకెళ్ళాలని అనుకుంది. అరచేతుల్లో బొబ్బలు ఎండి గట్టిపడ్డాయి. ఇక్కడి పని ఇప్పుడే చేతికి వస్తోంది. పని పోతే ఇంట్లో చెప్పడానికి ఏ మాట వాడాలో మాత్రం తేలలేదు.

“బాబు, పోయిన శుక్రారం నేనే ఏరిన.”

అతను తలెత్తాడు.

“చిల్లు పడిన ఆకంత నేనే తీసేసిన. మా దుకాణం అలవాటు. మారెవ్వ వద్దనె. తీసిన ఆకు గుంతల ఏస్తనంటే నేనే మేకలకు తీస్కపొమ్మంటి. మందు ఎవరు కొట్టలేదు.”

నిఖిలేశ్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. చేతులు దించాక చూస్తే నవ్వుతున్నాడు. కళ్ళలో తడి కూడా ఉంది.

“అంతేనా? వారం నుంచి నిద్ర లేదమ్మా నాకు. మట్టి ఖరాబైందేమో అనుకున్న. అంతా మళ్ళ మొదలు పెట్టాలె అనుకున్న.” ఊపిరి గట్టిగా వదిలాడు. “ఆ రోజే చెప్తే అయిపోతుండె గదా. నేనేమన్న అంటుంటినా?”

గట్టిగా మూసి ఉందనుకుని భుజంతో తోసిన తలుపు తెరిచే ఉంటే మనిషి ముందుకు తూలిపోతాడు. సౌభాగ్యలక్ష్మికి అలా అయింది. ఆ రోజే చెప్తే. వారమంతా తాను భయపడింది లేనిదానికి. ఆ లేనిదాని కోసమే ఇంకో మనిషి కాళ్ళు కడుక్కుని గట్టెక్కి పోయింది.

“మారెవ్వను పిలుస్తరా మరి?”

అతను ఫోన్ తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “అందరికి మెసేజ్ పెట్టేసినమమ్మా, ఆమెను తీసేసినమని. వాళ్ళు నిమ్మళమైండ్రు. ఇప్పుడు మళ్ళ పిలిస్తే, ఏరినం అంటే, నమ్మేటోళ్ళు నమ్ముతరు, లేనోళ్ళు సంచి మానేస్తరు. ఈ తోట అట్ల ఒకరిద్దరు పోయినా నిలబడదు.” అతనికీ అది నచ్చలేదని ముఖం చెప్తోంది. “పత్తి టైము గదా. వాళ్ళకు పని యాడన్న దొరుకుతది. మీరేం ఫికర్ చేయకుండ్రి. మీ పని యాడికి పోదు.”

లేచి వెళ్ళబోతూ ఏదో దయ చూపాలనుకున్నట్టు వెనక్కి తిరిగాడు. “సాయంత్రం ఇంటికి ఒక కట్ట తీస్కపోండి అమ్మా.”

ఆమె నాలుగో కట్టకు ఆకు తీసుకుంది. చిల్లుల ఆకు పైకి పరిచింది.

*

సాయంత్రం బస్సు వచ్చే వైపు కాకుండా ఊళ్ళోకి నడిచింది. కట్ట కోసం ఆకు తానే ఏరుకుంది. ఒక్క చిల్లు లేనివి. ఎవరికైనా ఇచ్చేది మంచిగా ఉండాలనే వేళ్ళు ఇంకా నమ్ముతున్నాయి. హుచ్చమ్మ వీధి మొగలో నిలబడి చేయి చాచి ఇల్లు చూపించింది. తాను రానంది.

ఇంటి ముందు బండరాయి, దాని పక్కన గుంజకు రెండు మేకలు. మారెవ్వ ఇప్పుడే చేను నుంచి వచ్చినట్టుంది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. యంకప్ప పంపు గోడకు ఆనించి ఉంది. సౌభాగ్యలక్ష్మి వాకిట్లోకి రాకముందే ఆ వాసన ఎదురొచ్చింది. ఆ రోజు గేటు దగ్గర వచ్చిన వాసనే, ఈసారి మారెవ్వ ఒంటి నుంచి.

“నువ్వు గూడ కొడ్తున్నవా?”

“ఆయన కొడ్తడు. నేను నీళ్ళు మోసి మందు కలుపుత. ఇద్దరికి జోడి కూలి.” మారెవ్వ మామూలుగానే నవ్వింది. “ఎట్లైన మందు పేరు పడె గదా. ముట్టకుంటె ఏం లాభం?”

సౌభాగ్యలక్ష్మి నవ్వలేకపోయింది. “సారుకు చెప్పిన, మారెవ్వా. నేనే ఏరినని. నేనే ఇచ్చినని.”

“ఏమనె?”

సౌభాగ్యలక్ష్మి చేతిలోని కట్టను సర్దుకుంది. మారెవ్వ తల ఊపింది, జవాబు వచ్చినట్టే. ఒక మేక తాడు సాగదీసి కట్ట వాసన చూడబోతే కాలితో పక్కకు నెట్టింది.

“నువ్వెందుకు చెప్పలే ఆ రోజు? నా పేరు చెప్తె నేను కాదంటుంటినా?”

మారెవ్వ తడి కొంగు పిండి, నీళ్ళు కారడం ఆగేదాకా చూసింది.

“మందు కొట్టిందంటె ఆ ఒక్క తోట పని పోతది. ఆకు మూట కట్కపోయిందంటె ఏ తోట గేటు తెరుస్తరు?” గొంతులో కోపం లేదు. “మీరు చెప్తరనుకున్న.”

నువ్వు పోయి మీరు వచ్చింది. ఇది ఎప్పుడు మారిందో సౌభాగ్యలక్ష్మికి ఈసారి స్పష్టంగా తెలిసింది.

ఆమె కట్టను రెండు చేతులతో ముందుకు చాచింది. కింద పెట్టలేదు. మారెవ్వ చేతులకు అందేంత దగ్గరగా జరిగి, అలాగే పట్టుకుని నిలబడింది. మారెవ్వ చేయి లేచింది. సగం దాకా వచ్చి ఆగింది. ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. గోళ్ళ చుట్టూ తెల్లటి పొడి గీతలా ఎండి ఉంది. చేతులు రెండూ వెనక్కి తీసుకుంది.

“ముట్టకుండ్రి అమ్మా. చేత్లకు మందున్నది. ఆడ రాయి మీద పెట్టుండ్రి.”

సౌభాగ్యలక్ష్మి వంగి, కట్టను బండ మీద పెట్టి, చేయి వెనక్కి తీసుకుంది.